రాసి, వెలిగించి

అసలు పేరు కామాక్షి కాదు. ఎవరి రాత చేతికొచ్చినా రెండు కామాలు పెట్టందే తిరిగి ఇవ్వదని ఆఫీసులో ఆమెను కామాక్క అంటారు. పెట్టినవాళ్ళు వేళాకోళానికే పెట్టారు గానీ ఆమెకు ఆ పేరు నచ్చింది. మనిషికి తన పనిని బట్టి పేరు రావడం కన్నా మర్యాద ఏముంటుందని ఆమె లెక్క. ఆ ఆఫీసులో బస్టాండు బోర్డుల్ని నడిపే ప్రోగ్రాములు రాస్తారు. ఆ ప్రోగ్రాములు ఎలా రాయాలో చెప్పే పుస్తకాన్ని ఆమె తెలుగులో రాస్తుంది. అచ్చు పుస్తకం కాదు, తెర మీద చదువుకునేదే. అయినా ఆమె దాన్ని పుస్తకమనే అంటుంది.

ఆ సోమవారం పొద్దున మంచు ఇంకా విడలేదు. మీటింగు గది కిటికీ అద్దాలకు అవతల వీధి ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. హారన్ వినిపించిన చాలాసేపటికి గానీ బస్సు కనిపించడం లేదు. ఒక్కోసారి బస్సు వెళ్ళిపోయాక హారన్ వినిపించినట్టు ఉంటోంది. కామాక్క చెంపకు చెయ్యి ఆనించి, ఆ తెల్లదనంలోకి చూస్తూ, దేని తర్వాత ఏది వస్తోందో పట్టించుకోవడం మానేసి కూర్చుంది. పెద్దాయన గొంతు విన్నాక ఇటు తిరిగింది.

పెద్దాయన ఆ ఆఫీసుకు పెద్ద. బల్ల మీద పెన్నులు కూడా పొడుగు వరసలో పెట్టుకునే మనిషి. వరస తప్పినవాళ్ళ మీద ఆయనకు జాలి తక్కువ. ఆ రోజు అందరూ కూర్చున్నా ఆయన నిలబడే ఉన్నారు.

"నిన్న బస్టాండులో ఏం జరిగిందో మీకు తెలుసు. బోర్డు మీద పచ్చదీపం వెలిగింది. దీపం వెలిగిందంటే అంకె ఖాయమని, ఆ ప్లాట్‌ఫారానికి వెళ్ళి ఎక్కెయ్యమని. ఒకావిడ నమ్మి ఎక్కింది. కూతురి కాన్పుకి వెళ్తున్న మనిషి. తీరా చూస్తే ఆ అంకె పాతది, బస్సు వేరే ఊరిది. ఆవిడ వెనక్కొచ్చి, మళ్ళీ ఎక్కి, వెళ్ళేసరికి బిడ్డ పుట్టేశాడు. నాకు ఫోన్ చేసి తిట్టలేదు. ఏడ్చింది. తిట్టినా బాగుండేది."

ఆయన చూపు బల్ల చివర కూర్చున్న గొలుసు మీద ఆగింది. గొలుసు కొత్తగా చేరిన ప్రోగ్రామరు. నడివయసు దాటుతున్న మనిషి. టీ తాగొచ్చిన సంగతి చెప్పాలన్నా "లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి" అంటూ గొలుసు కట్టుకుంటూ పోతాడు. ఆ గొలుసు చివర క్రియ తగిలేలోపు వినేవాళ్ళు కూడా వెళ్ళి టీ తాగి రావచ్చు. బోర్డుకు అంకె పంపే భాగం రాసింది అతనే.

"నువ్వు చెప్పు. కబురు రాగానే నీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?"

గొలుసు లేచి నిలబడ్డాడు. "ప్లాట్‌ఫారం మారిందని కబురు రాగానే సార్, దాన్ని తీసుకుని, సరిచూసుకుని, దీపం వెలిగించి, అంకె రాసి, బోర్డుకి..."

పెద్దాయన చెయ్యెత్తారు. "ఆగు. ఏమన్నావ్?"

"అదే సార్, అంకె రాసి..."

"దీపం వెలిగించి, అంకె రాసి అన్నావ్. అందరూ విన్నారు."

"నోరు జారింది సార్. ప్రోగ్రాములో అంకే ముందు..."

"నోటికి ఏ వరస వచ్చిందో చేతికీ అదే వచ్చుంటుంది," అన్నారు పెద్దాయన. "శుక్రవారంతో నీ ప్రొబేషన్ మూడు నెలలూ అవుతాయి కదా. అప్పుడు చూద్దాం."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అది జరుగుతుండగా చూడడం కామాక్కకు అదే మొదటిసారి. ఒక మనిషి కంగారులో రెండు మాటలు అటూ ఇటూ చేశాడు, దాన్ని నేరం ఒప్పుకోలు కింద రాసేసుకున్నారు. పెద్దాయన అన్న ఆ 'చూద్దాం'లో చూసేదేమీ ఉండదని గదిలో అందరికీ తెలుసు. గొలుసుకూ తెలుసు. అతను బల్ల మీద చేతులు ఆనించి, వేళ్ళను చూసుకుంటూ నిలబడ్డాడు.

తన కుర్చీలోకి వచ్చాక కామాక్క గొలుసు రాసిన ప్రోగ్రాము తెరిచింది. అంకె రాసే లైను పైన ఉంది, దీపం వెలిగించే లైను కింద ఉంది. అతను చెప్పింది నిజమే. ఆ రెండు లైన్ల నెత్తిన 'పుస్తకంలో ఉదాహరణ ప్రకారం' అని కూడా రాసుకున్నాడు. ఆమె పుస్తకంలో ఆ పేజీ తీసింది. అక్కడ తన వాక్యం చక్కగా తల దువ్వుకుని కూర్చుని ఉంది.

"మొదటి దారం అంకె రాసి దీపం వెలిగిస్తుంది. రెండో దారం దీపం చూసి అంకె చదువుతుంది."

ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల్ని ఆఫీసులో థ్రెడ్లంటారు. ఆమె వాటికి దారాలని పేరు పెట్టి చాలా రోజులు మాటలు పడింది. ఆ పేజీ ఆమె వేరే భాషలోంచి తెచ్చింది. అక్కడ ఉన్నది 'రాయును మరియు వెలిగించును' అన్నంత మాటే. 'మరియు' కనపడితే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. అందుకని తీసేసి, తెలుగు చేసింది. తెలుగు చేయడంలో, అక్కడ లేని వరసను కూడా చేసి పెట్టింది. 'రాసి' అన్నాక ముందు రాయక తప్పుతుందా? తిని పడుకున్నాడంటే, పడుకుని తిన్నాడని ఎవరైనా అనుకుంటారా?

ఆమె లేచి గొలుసు దగ్గరకు వెళ్ళింది. అతను ఒక చిన్న ప్రోగ్రాము నడుపుతూ తెర వంక చూస్తున్నాడు. ఒక దారం అంకె రాస్తోంది, దీపం వెలిగిస్తోంది. ఇంకొకటి చూస్తోంది. తెర మీద లైన్లు కిందినుంచి పైకి ఎడతెగకుండా పోతున్నాయి. సరి, సరి, సరి.

"మీరు రాసిన వరస సరిగ్గానే ఉంది కదండీ. మరి తేడా ఎక్కడొచ్చింది?"

"యంత్రానికి ఆ రెండిటికీ సంబంధం ఉందని తెలీదు," అన్నాడు గొలుసు. ఇప్పుడతను ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నాడు. "అంకె ఒకచోట. దీపం ఒకచోట. ఏది చేతికి దగ్గరైతే అది ముందు చేసేస్తుంది. తన వరకూ తేడా లేదు. పక్కనుంచి చూసేవాడికే తేడా."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మంచు విడిపోయి, మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి పడి, తెర సగం వెలిసిపోయింది. సరి, సరి, సరి. చూస్తూ ఉంటే కళ్ళు వాలిపోతున్నాయి. ఎక్కడో నీళ్ళ అడుగున కూర్చుని పైన పారే నీళ్ళను చూస్తున్నట్టుంది. అలా ఎంతసేపు గడిచిందో, ఉన్నట్టుండి ఒక లైను వేరుగా వచ్చింది. దీపం వెలిగి ఉంది, అంకె పాతది. ఆ వెనకే మళ్ళీ సరి, సరి.

"అదిగో," అన్నాడు గొలుసు మెల్లగా. "లక్షల్లో ఒక్కసారి. ఆ ఒక్కసారే ఆవిడ బస్సెక్కింది."

"నా పుస్తకం చదివే రాశారా?"

"రాసి అని ఉంది కదా అనుకున్నానక్కా." ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. "ఇంటి దగ్గర ఇంకా చెప్పలేదు. ఈ ఊరికి వద్దామంటే మా ఆవిడ తన బడి ఉద్యోగం మానేసి వచ్చింది."

కామాక్క నేరుగా పెద్దాయన గదికి వెళ్ళింది. వాక్యం తనదని, తప్పంతా 'రాసి'లో ఉన్న 'సి'దని, ఆ 'సి' యంత్రం ఇవ్వని మాట ఇచ్చేసిందని చెప్పింది. పెద్దాయన చివరిదాకా విన్నారు. విని నవ్వారు.

"'సి'కి మనం జీతం ఇవ్వడం లేదుగా అమ్మా, అతనికిస్తున్నాం. పైన రాసింది ముందు జరుగుతుంది, కింద రాసింది తర్వాత జరుగుతుంది. నాకు తెలిసిన లోకం ఇది. అలా కాదంటే నాకు అర్థమయ్యేలా ఆ పేజీ తిరిగి రాయి. అర్థమైతే అతన్ని ఉంచుతాను. శుక్రవారం లోపల."

కామాక్క ఇల్లు మేడ మీద, కుట్టుకొట్టు కింద. కొట్టు ఆమె భర్తది, ఆడపడుచుది. అన్న మిషను కుడతాడు. చెల్లెలు కత్తిరింపు, ఇస్త్రీ, రాకపోకలు చూస్తుంది. ఒక్కచోట నిలవదని దానికి బొంగరమని పేరు. ఆఫీసులో సగం మంది బట్టలు ఇక్కడే కుట్టించుకుంటారు, పెద్దాయన కూడా. కొట్టుకు వీధివైపు పెద్ద అద్దం. అద్దంలోంచి చూస్తే కుట్టడం పూర్తయిన బట్టలు పెట్టే అర కనపడుతుంది. గుమ్మం పక్కన ఒక పలక వేలాడుతూ ఉంటుంది. దాని మీద బట్టలిచ్చినవాళ్ళ పేర్లు, అయినవాటికి సుద్దతో టిక్కు.

మంగళవారం సాయంత్రం కామాక్క మెట్ల మీద కూర్చుని వాక్యాలు రాసి కొట్టేస్తోంది. 'సి' లేకుండా తెలుగు రాయడం, ఉప్పు లేకుండా వండినంత పని. "అంకెను రాస్తూ దీపాన్ని వెలిగిస్తుంది" అని రాస్తే రెండు చేతులా చేస్తున్నట్టుంది. "అంకె రాస్తుంది, దీపమూ వెలిగిస్తుంది" అంటే దీపమేదో కొసరు వేస్తున్నట్టుంది. కింద మిషను ఆగి ఆగి నడుస్తోంది. ఆ చప్పుడులో ఆమెకు కునుకు పట్టింది. కునుకులో కుట్టు ముందు పడి, సూది దాని వెనకాల వస్తోంది. చొక్కా తొడుక్కున్న మనిషిని పట్టుకుని కొలతలు తీస్తున్నారు. అంతా తప్పే, అయినా అందులో ఎవరికీ ఇబ్బంది ఉన్నట్టు లేదు. కళ్ళు తెరిచేసరికి బొంగరం గుమ్మం దగ్గర పలక మీద టిక్కు పెడుతోంది. టిక్కు పెట్టిన లంగా ఇంకా ఇస్త్రీ బల్ల మీదే ఉంది.

"అదేంటే, బట్ట అరలోకి వెళ్ళకుండానే టిక్కు పెట్టావ్?"

"గుమ్మం దాకా ఎలాగూ వచ్చాగా వదినా, మళ్ళీ రావడమెందుకు? ఇస్త్రీ అవగానే అరలో పడేస్తా." బొంగరం సుద్ద చెవి వెనక దోపుకుంది. "ఏది ముందైతే ఏంటి, రెండూ చేసేది నేనే కదా."

కామాక్క లేచి నిలబడింది. నిన్న మధ్యాహ్నం గొలుసు చెప్పిందే ఇది. చేసేవాళ్ళకు తేడా లేదు. రెండూ అయిపోయేవే. మధ్యలో ఎవరైనా వచ్చి పలక చూసినప్పుడే చిక్కు. మిషను దగ్గర ఆయన తలెత్తి, "ఏంటోయ్, దయ్యం పట్టినట్టు నవ్వుతున్నావ్?" అన్నాడు. "పేజీ దొరికిందండీ," అంది ఆమె.

బుధవారం పేజీ పెద్దాయన బల్ల మీద పెట్టింది. కుట్టుకొట్టు, పలక, అర, దారిలో పని కలిసొస్తుందని ముందే టిక్కు పెట్టే అమ్మాయి, అన్నీ ఉన్నాయి. అరలో బట్ట పడ్డాకే సుద్ద ముట్టుకోవాలని ఒక కంచె కట్టాలని, ప్రోగ్రాములో కూడా అంకెకూ దీపానికీ మధ్య వరస మారకుండా ఆపే అలాంటి కంచె లైను ఒకటి రాయాలని చివర చెప్పింది. పెద్దాయన వేలు పెట్టి చదివారు. అద్దాలు తీసి పక్కన పెట్టారు.

"బాగా అర్థమైంది. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"ఈ అమ్మాయికి బద్ధకం. కంచె కట్టాల్సింది, కట్టలేదు. అతనూ కట్టలేదు. నేను సోమవారం అన్నది కూడా అదేగా?"

మంత్రానికి చింతకాయలు రాలతాయో లేదో గానీ, ఆమె ఉదాహరణకు ఉన్న ఒక్క కాయా రాలి గొలుసు నెత్తినే పడింది. అవతల గదిలో గొలుసు వచ్చే నెల పనుల కాగితం ముందు పెట్టుకుని, తన పేరున్న చోటల్లా ఎవరికి అప్పజెప్పాలో పెన్సిలుతో రాసుకుంటున్నాడు. అతన్ని దాటి వెళ్ళేటప్పుడు ఆమె తలొంచుకుంది. చాలా సిగ్గేసింది.

ఇంటికొచ్చి బొంగరాన్ని కూర్చోబెట్టుకుంది. "ఇకనుంచి బట్ట అరలో పెట్టాకే సుద్ద పట్టుకో. నా కోసం."

"నీ ఆఫీసు పిచ్చి నాకెందుకంటించావ్ వదినా?" అంది బొంగరం. కానీ మాటిచ్చింది. ఇచ్చిందంటే చేస్తుంది. మర్నాడు పొద్దుటినుంచీ ప్రతి బట్టా అరలో పెట్టడం, పడుకోబెట్టిన పసిబిడ్డను తట్టినట్టు దాని మీద ఒకసారి చెయ్యి వేయడం, అప్పుడు పలక దగ్గరకు నడవడం.

గురువారం పొద్దు వాలుతోంది. వీధి అంతా పసుపు వెలుగు. దుమ్ము కూడా నిదానంగా, పడాలా వద్దా అని ఆలోచించుకుంటూ పడుతోంది. కామాక్క ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసి, టీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుంది. రేపటికి ఆమె దగ్గర పేజీ లేదు. బొంగరం పెద్దాయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు తిప్పింది, చేతులు మడిచింది, గుండీల మీద అరచేయి ఆడించింది. అరలో పెట్టింది. చెయ్యి వేసింది. గుమ్మం దగ్గరకొచ్చి పెద్దాయన పేరు పక్కన టిక్కు పెట్టింది. కామాక్క అంతా చూసింది. చూస్తుంటే హాయిగా ఉంది.

పెద్దాయన మెట్టెక్కి పలక ముందు నిలబడ్డారు.

"ఏమ్మా, టిక్కు పెట్టేశావ్. చొక్కా ఏది?"

"అరలో ఉంది సార్, ఇదిగో."

"ఇప్పుడుంది. నేను అద్దంలోంచి చూసినప్పుడు లేదు. పలక మీద మాత్రం టిక్కుంది. మీ వదిన నీ గురించి రాసింది చదివాను. అలవాటు మానలేదన్నమాట."

బొంగరం మొహం పాలిపోయింది. "ముందు అరలోనే పెట్టాను సార్. ఒట్టు."

"ఒట్లెందుకమ్మా? చొక్కా ఒక నిమిషం ఆలస్యమైతే నాకేం నష్టం లేదు. అబద్ధం చెప్పకు, అంతే."

మిషను ఆగిపోయింది. బొంగరం ఆయన వంక చూడలేదు. మెట్ల వైపు తిరిగింది. "నా గురించి ఏం రాశావ్ వదినా?"

కామాక్క కిందికి దిగి వచ్చింది. "సార్, అది ముందు అరలోనే పెట్టింది. ఇక్కడే కూర్చుని చూశాను."

"నేనూ చూశాను. నా కళ్ళు కూడా కళ్ళే."

"మీరు చూసిందీ నిజమే సార్. అది చేసిందీ నిజమే."

"రెండూ నిజమెలా అవుతాయి? అంటే అబద్ధమాడింది నేనా?" పెద్దాయన పలక వంక ఇంకోసారి చూశారు. ఆయన చొక్కా ముట్టుకోకుండానే మెట్టు దిగి వెళ్ళిపోయారు. అద్దంలోంచి ఆయన వీపు పసుపు వెలుగులో చిన్నదైపోవడం కనిపించింది.

బొంగరం పలక కిందికి దించి, ఒక్క పేరు కూడా మిగలకుండా చీర చెంగుతో తుడిచేసింది. "వరస తప్పి చేసినన్నాళ్ళూ ఒక్కరూ ఒక్క మాట అనలేదు. వరసగా చేసిన రోజే అబద్ధాలకోరునయ్యాను," అంది. అన్న వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అది విదిలించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కామాక్క అద్దం ముందు నిలబడిపోయింది. రెండూ నిజమని ఎందుకు అన్నదో తనకే తెలియలేదు. నోటికి వచ్చింది, అనేసింది. ఇప్పుడు దాన్ని వెనకనుంచి ఆలోచించాలి.

ఆమె వీధిలోకి దిగింది. మూల దాకా వెళ్ళి, పెద్దాయన లాగా నడిచి వచ్చింది. ముందు అద్దం వచ్చింది, అందులో అర. ఇంకొన్ని అడుగుల తర్వాత గుమ్మం, పలక. అర ముందు. పలక తర్వాత. ఆ నాలుగడుగుల మధ్యలో బొంగరం చొక్కా పెట్టింది, టిక్కూ పెట్టింది. తన పేజీలో రెండు వాక్యాలున్నాయి. 'రాసి' కోసం వారమంతా కొట్టుకుంది. పక్కనే ఉన్న 'చూసి' వంక తిరిగి కూడా చూడలేదు.

శుక్రవారం తెల్లవారుతూనే ఆఫీసుకు వెళ్ళి గొలుసును పిలిపించింది. "బోర్డు వైపు ప్రోగ్రాము తీయండి. అది దీపం చూశాకే అంకె చదువుతుందా?"

"దీపం చూసే లైనే పైన ఉందక్కా." అతను ఆగాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కానీ యంత్రం ఖాళీగా కూర్చోదు. దీపం సంగతి తేలేలోపే అంకె తెచ్చి పెట్టుకోవచ్చు. ఎలాగూ కావాలి కదా అని."

"అంటే అద్దంలోంచి అర చూసుకుంటూ వస్తుంది."

"ఏ అద్దం?"

ఆమె చెప్పింది. గొలుసు వింటూనే టైపు చేశాడు. రాసేవైపు ఒక్క కంచె పెట్టి నడిపించాడు. చాలాసేపు సరి, సరి అని పారి, మళ్ళీ ఒక లైను వేరుగా వచ్చింది. "చూశారా," అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా వినపడ్డట్టు. "నేను కంచె కట్టినా ఆవిడ ఆ బస్సు ఎక్కి ఉండేదే." చూసేవైపు కూడా కంచె పెట్టాడు. ఇద్దరూ కూర్చున్నారు. వీధిలో వెలుగు పెరిగింది, ఊడ్చేవాళ్ళు వచ్చి వెళ్ళారు, ఎవరో టీ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. వేరే లైను మళ్ళీ రాలేదు. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని పేజీ రాసింది.

"ఒక దారం అంకె రాస్తుంది. దీపం వెలిగిస్తుంది. వేరొక దారం దీపం చూస్తుంది. అంకె చదువుతుంది. ఈ నాలుగూ పైనుంచి కిందికి రాసి ఉన్నాయి కాబట్టి అదే వరసలో జరిగాయని గానీ, అదే వరసలో కనపడతాయని గానీ అనుకోవద్దు. చేసేవాడు తన సౌకర్యం కొద్దీ చేస్తాడు. చూసేవాడు తన దారిలో ఏది ముందు ఎదురైతే అది చూస్తాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పరు. అయినా తప్పు జరుగుతుంది. కంచె రెండు వైపులా కట్టాలి. చేసేవాడి చేతికి ఒకటి, చూసేవాడి కంటికి ఒకటి."

చదువుకుంటే వాక్యాలు కుంటుతున్నట్టున్నాయి. ఒకదానికొకటి చెయ్యి పట్టుకోకుండా విడివిడిగా నిలబడ్డాయి. ఆమె ఇంత అందవికారంగా ఎప్పుడూ రాయలేదు. ఒక్క అక్షరం కూడా మార్చకుండా తీసుకెళ్ళింది.

పెద్దాయన గది తలుపు తోసి, గడప మీదే ఆగిపోయింది. ఆయన ఒంటి మీద ఆ చొక్కా ఉంది. నిన్న బొంగరం ఇస్త్రీ చేసి అరలో పెట్టిన చొక్కా.

"పొద్దున మీ కొట్టుకి వెళ్ళాను. నువ్వప్పటికే వచ్చేశావట," అన్నారు ఆయన, పెన్నులు సర్దుతూ. అవి ఇదివరకే సర్ది ఉన్నాయి. "రాత్రి నిద్ర పట్టలేదు. రెండూ నిజమన్నావ్ నువ్వు. అమ్మాయిని అడిగాను, నిన్న చేసింది మళ్ళీ చెయ్యమ్మా, నేను మూల మీదనుంచి నడిచొస్తానని. చెయ్యనంది. మీ ఆయన బతిమాలితే ఒప్పుకుంది. మొదటిసారి వచ్చాను, చొక్కా ఉంది, టిక్కు ఉంది. ఇంకోసారి వచ్చాను, రెండూ లేవు. అలా తిరుగుతూనే ఉన్నాను. వీధిలో వాళ్ళు నాకేదో అయిందనుకునుంటారు. చివరికి ఒకసారి అచ్చం నిన్నటిలాగే అయింది. అరలో లేదు, పలక మీద ఉంది. మీ ఆయన లోపలే నిలబడి ఉన్నాడు. దాని చెయ్యి అర మీదనుంచే పలక మీదికి వెళ్ళింది సార్ అన్నాడు."

కామాక్క పేజీ ఇచ్చింది. ఆయన వేలు పెట్టి చదివారు. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివారు.

"ఈ చూసేవాడు నేనేనా?"

"పేరు రాయలేదు సార్."

ఆయన నవ్వబోయి మానేశారు. "ఆ అమ్మాయి చొక్కా ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. చూసేదాకా వెళ్తూ ఉంటాను. ఆ బస్సావిడకి కూడా నేనే ఫోన్ చేసి చెప్తాను, బోర్డుదే తప్పని. ముందు అందర్నీ మీటింగు గదికి రమ్మను."

అందరూ వచ్చారు. గొలుసు సంచి సర్దుకుని, దాన్ని భుజానికి తగిలించుకునే వచ్చాడు. వచ్చి సోమవారం నిలబడ్డ చోటే నిలబడ్డాడు. పెద్దాయన ఆ రోజు కూడా కూర్చోలేదు. ఏదో మొదలుపెట్టి ఆపేశారు. కొత్త చొక్కా కాలరు మెడకు ఒరుసుకుంటున్నట్టు వేలితో సవరించుకున్నారు.

"సోమవారం ఇతను దీపం వెలిగించి, అంకె రాసి అన్నాడు. నోరు జారిందని కూడా అన్నాడు. మీరంతా ఇక్కడే ఉన్నారు." ఆయన గొలుసు వైపు తిరిగారు. "నేను ఆ రోజు నీ మాట విని తప్పు పట్టలేదయ్యా. తప్పు పట్టి, విన్నాను."

గొలుసు సంచి భుజం మీదనుంచి జారి మోచేతి దగ్గర వేలాడుతోంది. అది సర్దుకోవాలని కూడా అతనికి తోచలేదు.

పెద్దాయన ఒక కుర్చీ అతని వైపు జరిపారు. ఇంకొకటి లాక్కుని తనూ ఎదురుగా కూర్చున్నారు.

"కూర్చో. మొదట్నించీ చెప్పు," అన్నారు. "ఎంత పొడుగైనా సరే. వింటాను."